సర్పంచ్ తినని పైసలు

బొందలగడ్డకు, అంటే ఊరి శ్మశానానికి, వైకుంఠధామం అని పేరు పెట్టిందెవరో నాకు తెలియదు. ఆ పేరుతో వచ్చిన నమూనా డ్రాయింగును చంకలో పెట్టుకుని ఊరూరూ తిరిగినవాళ్ళలో మాత్రం నేనొకణ్ణి. పల్లెల్లో ప్రభుత్వ పనులు కట్టించే శాఖలో ఇంజనీరును. అప్పట్లో చొప్పదండి చుట్టుపక్కల కొన్ని ఊళ్ళు నా కింద ఉండేవి. ప్రతి ఊరికీ ఒక వైకుంఠధామం ఉండాలన్నారు. కాల్చడానికి దిమ్మెలు, మీద రేకుల కప్పు, స్నానాలకు గదులు, ఒక బోరు, చుట్టూ గోడ, ముందు ఇనుప గేటు.

సమావేశం పెట్టినప్పుడల్లా హాల్లో పెద్ద తెర మీద మండలం పటం వేసేవారు. పని పూర్తయిన ఊరు పచ్చగా, కాని ఊరు ఎర్రగా కనిపించేది. ఎర్ర ఊళ్ళ సర్పంచులను లేపి నిలబెట్టేవారు. జుట్టు నెరిసిన మనుషులు, ఇంట్లో మనవళ్ళున్న మనుషులు, బడి పిల్లల్లా చేతులు కట్టుకుని నిలబడేవారు. వాళ్ళ పక్కన మమ్మల్నీ నిలబెట్టేవారు. అది చూసి అప్పుడే నాకు అసహ్యం వేసిందని రాస్తే అబద్ధమవుతుంది. అప్పుడు నాకు భయం మాత్రమే వేసింది. అసహ్యం తరువాత వచ్చింది. వచ్చింది మళ్ళీ పోలేదు.

నేను చెప్పబోయే సర్పంచ్ ఊరు ఆ పటంలో చాలా కాలం ఎర్రగానే ఉంది. ఆయన రైతు. కాలువ కింద వరి, మెట్ట చెలకలో మక్కజొన్న వేసేవాడు. రాజకీయం తెలిసిన మనిషి కాదు. ఊళ్ళో ఎవరు పోయినా ముందుగా ఆ ఇంటికి చేరేది ఆయనే. వెదురు కొట్టుకొచ్చేవాడు, పాడె కట్టేవాడు, ముందువైపు భుజం పట్టేవాడు. కులం చూసేవాడు కాదు, తగాదాలు గుర్తుంచుకునేవాడు కాదు. ఊరివాళ్ళు ఆయనను సర్పంచ్ చేసుకున్నది అందుకే. వేరే గొప్పతనమేదీ ఆయనలో ఎవరూ చూడలేదు, ఆయనా చూపించుకోలేదు.

ఒకరోజు పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ఇద్దరు ముగ్గురు వార్డు మెంబర్లున్నారు. ఆయన భార్య అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఈ నెలాఖరుకు పునాది లేవకపోతే నోటీసు వస్తుందని చెప్పాను. నా మీదికి కూడా వస్తుందని చెప్పలేదు.

"కట్టుడు పెద్ద పని కాదు సారూ. పైసలు ముందుగాల ఇయ్యరా?" అన్నాడాయన.

ముందు పని, తరువాత బిల్లు, అందరికీ అంతేనని చెప్పాను.

"పడ్తయా మరి?"

నేను నవ్వాను. "సర్కారు యాడికి పారిపోతది సర్పంచ్ సాబ్? నీ బర్రె పారిపోతదేమో గని సర్కారు పారిపోదు. పైసలకు నాది జిమ్మ."

వార్డు మెంబర్లు కూడా నవ్వారు. ఆయన భార్య నవ్వలేదు. చేతిలోని కాయను అట్లాగే పట్టుకుని నా వైపు చూసింది.

"బర్రె పారిపోతె దొర్కవడ్తం సారూ. ఇంట్ల ఉన్నయి మా తమ్ముడు దుబాయిల ఎండల నిలవడి పంపిన పైసలు. అవి పోతె యాడ పోయి పట్టుకోవాలె?"

ఆడవాళ్ళకు ఇవన్నీ తెలియవన్నట్టు నేను సర్పంచ్ వైపు తిరిగి మాట్లాడాను. తెలియనివాణ్ణి నేనేనని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

పని మొదలైంది. ముందు సర్పంచ్ ఇంట్లో ఉన్న బామ్మర్ది పైసలు తీసి పెట్టాడు. అవి చాలలేదు. కరీంనగర్‌లో ఒక వ్యాపారి దగ్గర నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి, మా మాటలో మిత్తికి, తెచ్చాడు. బిల్లు వచ్చేదాకానే కదా అనుకున్నాడు. ఆ పక్క ఊళ్ళ సర్పంచులు చాలామంది చేసిన తప్పే అది. తెర మీద ఊరు ఎర్రగా కనిపిస్తే తలకొట్టేసినట్టు అనిపించి, సర్కారు పనికి సొంత ఇంటి పనిలాగా అప్పు తెచ్చి పెట్టారు. బయటి కాంట్రాక్టరెవడైనా ముందు చేతిలో డబ్బు పెట్టమని అడిగేవాడు. వీళ్ళకు అట్లా అడగడం నామోషీ.

పని కూడా కడుపునిండా చేశాడు. ఇసుక జల్లెడ పట్టించాడు. గోడలకు నీళ్ళు తానే నిలబడి కొట్టించాడు. ఒకటి మాత్రం డ్రాయింగులో లేనిది కట్టాడు. మా వైపు పాడెను దారిలో ఒకచోట దింపుతారు. కొడుకు వంగి, పోయినవాళ్ళ చెవి దగ్గర నోరు పెట్టి పిలుస్తాడు. ప్రాణం ఏ మూలనన్నా ఉంటే పలుకుతుందని. ఆ చోటును దింపుడు కల్లం అంటారు. హైదరాబాదులో కూర్చుని డ్రాయింగు గీసినవాళ్ళు పాడె మోసినవాళ్ళు కారేమో, వాళ్ళకది తట్టలేదు. ఈయన గేటు బయట నున్నటి బండలతో ఒక గద్దె వేయించి, మీద చిన్న కప్పు వేయించాడు. దీనికి బిల్లు రాదని చెప్పాను.

"దాని కర్సు నా దిక్కెల్లి సారూ" అన్నాడు.

రిబ్బను కత్తిరించారు. ఫ్లెక్సీలు కట్టారు. శ్మశానం ప్రారంభానికి స్వీట్లు పంచడం నేను అక్కడే చూశాను. నేనూ ఒకటి తిన్నాను. ఆ సాయంత్రానికి తెర మీద ఆ ఊరు పచ్చగా మారింది. మా పై అధికారి నా భుజం తట్టాడు.

కొలతలు తీశాను, బిల్లు రాశాను, పైకి పంపాను. అక్కడ దానికొక నంబరు పడింది. ఆ తరువాత ఏమీ జరగలేదు. నెలలు గడిచాయి. సర్పంచ్ మొదట్లో వారానికోసారి ఫోన్ చేసేవాడు. నేను "వస్తది" అనేవాణ్ణి. తరువాత ఆఫీసుకు రావడం మొదలుపెట్టాడు. వచ్చిన ప్రతిసారీ బెండకాయలో, పచ్చి మక్కకంకులో సంచిలో తెచ్చేవాడు. వద్దనేవాణ్ణి కాదు. ఇంటికి తీసుకుపోయి తినేవాళ్ళం.

జిల్లా ట్రెజరీలో నాకొక స్నేహితుడున్నాడు. నస్పూర్ వాడు. వాళ్ళ నాన్న బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఒకరోజు వాడి దగ్గరికి వెళ్ళి ఈ బిల్లు ఎక్కడుందో చూడమన్నాను. వాడు కంప్యూటర్ వైపు చూడను కూడా చూడలేదు. చాయ్ తాగుదాం రమ్మని బయటికి తీసుకుపోయాడు.

వాడు చెప్పింది నాకర్థమైనంత వరకు ఇది. నెల మొదలవగానే పాత అప్పుల కిస్తీలు, మిత్తి కోసుకుంటారు. వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు. ఒక్కసారి ఆపితే మళ్ళీ అప్పు పుట్టదు. తరువాత మా జీతాలు, పింఛన్లు. తరువాత, ఆపితే జనం రోడ్డెక్కే పథకాలు. అవన్నీ పోయాక మిగిలితే ఇట్లాంటి బిల్లులు. మిగలదు. ప్రతి మంగళవారం రాష్ట్రాలు బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకుంటాయి. ఆ వారం ఎక్కువ పుడితే, పైన మనిషి ఉన్నవాళ్ళ బిల్లులు రెండు కదులుతాయి. ఢిల్లీలోనూ అంతే, పద్దు పెద్దది, అంతే తేడా. అక్కడ కూడా కొత్త అప్పులో పెద్ద ముద్ద పాత అప్పు మిత్తికే పోతుంది. ఇంతకంటే ఎక్కువ అప్పు చేయొద్దని ఢిల్లీ గీత గీస్తే, ఇక్కడ కార్పొరేషన్ల పేరు మీద తెచ్చారు. అవి సర్కారు అప్పులు కావన్నారు. కట్టేది మాత్రం సర్కారే. ఆ దారి కూడా ఇరుకయ్యాక అన్నిటికంటే సులువైన దారి దొరికింది. పని చేయించుకుని బిల్లు ఇవ్వకపోవడం.

"మీ సర్పంచ్ సర్కారుకు అప్పిచ్చిండన్నా. ఆయనకే ఎర్కలేదు" అన్నాడు. "బ్యాంకోళ్ళు ఇస్తె కాయితం రాసిచ్చి మిత్తి కడ్తరు. ఈయనకు కాయితం లేదు, మిత్తి లేదు. పైకెల్లి ఈయనే బయట మిత్తి కడ్తుండు. ఇసొంటి అప్పు ఏ లెక్కలకూ ఎక్కదు. పేపర్ల రాసే అప్పులల్ల ఇది ఉండది."

వాడే మళ్ళీ అన్నాడు. "మా బాపు చెప్పేటోడు. బాయిల బొగ్గు తీసేటప్పుడు పైకప్పు కూలకుంట బొగ్గునే కంబాల లెక్క ఇడిచిపెడ్తరట. ఆఖర్న బయటికి వచ్చుకుంట వచ్చుకుంట ఆ కంబాలు గూడ తీస్తరు. తీసిన కాడల్లా ఎనక కప్పు కూలుతనే ఉంటదట. మనోళ్ళు గిప్పుడు కంబాలే తీస్తున్నరన్నా. గని బయటికొస్తలేరు, ఇంకా లోపటికే పోతున్నరు."

చాయ్ డబ్బులు వాడే ఇచ్చాడు. ఆ నెల జీతం నా ఖాతాలో పడినట్టు ఫోన్ మోగినప్పుడు నాకు మొదటిసారి సర్పంచ్ బిల్లు గుర్తొచ్చింది. ఆ జీతం పడాలంటే ఆయన బిల్లు ఆగాలి. ఆయన తెచ్చిన మక్కకంకులు తింటున్నాను, ఆయనకు రావలసిన డబ్బూ తింటున్నాను. అయినా మరుసటి వారం ఆయన వస్తే మళ్ళీ "వస్తది" అనే చెప్పాను. తెలిసి చెప్పిన అబద్ధం అదే మొదటిది. అంతకుముందు చెప్పినవి తెలియక చెప్పినవి.

ఈలోగా ఒక ప్రభుత్వం పోయి ఇంకొకటి వచ్చింది. దిగేవాళ్ళు అప్పు అంటే ఆస్తి అన్నారు. ఎక్కేవాళ్ళు అదే అప్పు కొంప ముంచిందన్నారు. ఎక్కాక మంగళవారం నాడు వాళ్ళూ అదే పని చేశారు. పాతవాళ్ళ బిల్లులు మేమెందుకు ఇవ్వాలని కింది నాయకులు కొందరు బాహాటంగానే అన్నారు. వైకుంఠధామంలో కాలిన శవాలు మాత్రం ఏ పార్టీవో ఎవరూ చూడలేదు.

సర్పంచ్ పదవీకాలం అయిపోయింది. పదవిలో ఉన్నన్నాళ్ళూ నోరు మెదపనివాళ్ళు అప్పుడు మొదలుపెట్టారు. బిల్లు ఎప్పుడో వచ్చిందని, ఆయన మింగి కూర్చున్నాడని, లేకుంటే మిత్తి కడుతూ ఇన్నాళ్ళు ఎవడైనా ఊరుకుంటాడా అని. సర్కారు ఇన్నేళ్ళు డబ్బివ్వదంటే నమ్మడం వాళ్ళకు కష్టం. సర్పంచ్ తిన్నాడంటే నమ్మడం సులువు. అట్లా తిన్నవాళ్ళను వాళ్ళు చాలాసార్లు చూశారు కూడా.

ఆయనకు డబ్బు రానందుకంటే ఈ మాట ఎక్కువ తగిలింది. ఆ వానాకాలం ఒకరోజు వైకుంఠధామం గేటుకు తాళం వేశాడు. తన డబ్బుతో కట్టింది కాబట్టి తనదే అన్నాడు. అట్లా చేస్తే వార్త పైదాకా పోతుందని ఆయనకెవరో చెప్పారు. పోలేదు. కొన్నాళ్ళు ఊళ్ళో ఎవరూ చనిపోలేదు, ఎవరూ పట్టించుకోలేదు.

తరువాత ఒక ముసలావిడ చనిపోయింది. ఆమె కొడుకు ట్రాక్టరు నడుపుతాడు. సర్పంచ్ కంటే చిన్నవాడు, ఆయనను అన్నా అని పిలుస్తూ తిరిగినవాడు. వాన పడుతూనే ఉంది. పాడె ఎత్తుకుని వచ్చేసరికి గేటుకు తాళం. ఒకసారి ఎత్తిన పాడెను మా వైపు ఇంటికి తిరిగి తీసుకుపోరు. వాగు ఒడ్డున కాలుద్దామంటే వాగు పొంగి ఉంది. మండలంలోని అధికారి నాకు ఫోన్ చేశాడు. కట్టించింది నువ్వే కాబట్టి వెళ్ళి తెరిపించమన్నాడు. బిల్లుల ముచ్చట మాత్రం జనం ముందు ఎత్తొద్దని, ఫోన్లలో వీడియోలు తీస్తున్నారని, మాట పైకి పోతే ఉద్యోగానికే ఎసరని చెప్పాడు.

నేను వెళ్ళేసరికి పాడె దింపుడు కల్లం మీద ఉంది. ఆయన వేయించిన గద్దె మీదే, ఆయన వేయించిన కప్పు కిందే. జల్లు పక్కనుంచి కొడుతోంది. ఒకతను శవానికి అడ్డంగా గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. డప్పులవాళ్ళు డప్పులను తడవకుండా కడుపుకు ఆనించుకుని గోడ పక్కన కూర్చున్నారు. కొడుకు అప్పటికే తల్లి చెవిలో పిలిచాడట. ఇంకేం చేయాలో తెలియక మళ్ళీ మళ్ళీ ఆమె ముఖం మీది నీళ్ళు తుడుస్తున్నాడు. సర్పంచ్ గేటు ముందు బోర్లించిన తట్ట మీద కూర్చుని ఉన్నాడు. తల మీద తువ్వాల. పక్కన ఆయన భార్య నిలబడి ఉంది.

నన్ను చూసి ఆయన లేచాడు. ఆ ముఖంలో ఊరట కనిపించింది. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

"సారు వచ్చిండు. తాళం ఇప్పుడే తీస్త" అన్నాడు జనం వైపు తిరిగి. "నాకు పైసలు గూడ వద్దు గిప్పుడు. నాకు బిల్లు రాలేదని సారును మీ ముందట ఒక్క మాట చెప్పుమనుండ్రి. గంతే."

అందరూ నా వైపు చూశారు. ఫోన్లు పైకి లేచాయి. కొడుకు తల్లి దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"చెప్పుండ్రి సారు. వచ్చినయా, రాలేదా? మా అవ్వ తడుస్తుంది."

రెండు అక్షరాల మాట. రాలే. అంతే చెప్పాలి. నాకు ఉద్యోగం గుర్తొచ్చింది. ఇంటి లోను గుర్తొచ్చింది. నా నోటి నుంచి ఏం వచ్చిందంటే, "గా ముచ్చట ఆఫీసుల చూసుకుందాం. ముందుగాల గేటు తీయుండ్రి."

వెనక నుంచి ఎవరో అన్నారు, "వచ్చినయన్నట్టే. రాకుంటె రాలేదని చెప్పకపోవునా?"

ఇంకొకడు అన్నాడు, "సారు వాటా సారుకు పోయినట్టుంది. నోరు లేస్తలేదు."

శవం ముందు కొందరు నవ్వారు. సర్పంచ్ నా వైపు కొంచెం సేపు చూశాడు. కోపంగా కాదు. లెక్క తప్పినవాడు మళ్ళీ మొదటినుంచి చూసుకుంటాడే, అట్లా. మొలతాడుకు కట్టిన తాళంచెవి తీసి గేటు తెరిచాడు. తువ్వాల భుజం మీద వేసుకుని, ఎప్పటిలాగే పాడె ముందువైపుకు వెళ్ళి వంగాడు.

కొడుకు ఆయన చేతిని తోసేశాడు.

"నువ్వు ముట్టకు" అన్నాడు.

ఆయన పక్కకు జరిగాడు. పాడె లేచింది, డప్పు మోగింది, అందరూ ఆయనను దాటుకుని లోపలికి పోయారు. నేను మోటరు సైకిలెక్కి వచ్చేశాను. గేటు తెరిపించానని ఫోన్ చేసి చెబితే అధికారి శభాష్ అన్నాడు.

ఆ వీడియో ఆ రోజే దుబాయి చేరింది. సర్పంచ్ బామ్మర్ది ఉండే క్యాంపులో ఆ ఊరివాళ్ళు ఇంకొందరున్నారు. అక్కకు ఫోన్ చేసి, పైసలొచ్చి కూడా రాలేదని చెబుతారా అని అడిగాడట. ఆ తరువాత ఫోన్ చేయడం మానేశాడు. మిత్తి వ్యాపారి మాత్రం మానలేదు. కాలువ కింది భూమి అమ్మి వాడికి కట్టారు. ఊళ్ళో చావులకు ఆయనను పిలవడం మానేశారు. పిలవకపోయినా వెళ్ళే మనిషి, వెళ్ళడం మానేశాడు. ఇవన్నీ నేను ఆఫీసు క్యాంటీన్లో విన్నాను. వింటూ తినడం ఆపలేదు.

కొన్నాళ్ళకు నన్ను జైనూర్ వైపు బదిలీ చేశారు. కొండలు, అడవి, దూరం దూరంగా గూడేలు. తెర మాత్రం అదే. పచ్చ రంగు, ఎర్ర రంగు. ఇక్కడ బడులకు వంటగదులు కట్టించాలి. ఒక గూడెం పెద్దమనిషి దగ్గరికి వెళితే, తాను రెండు ఎడ్లు అమ్మి పని మొదలుపెడతానని, తరువాత సర్కారు ఇస్తుంది కదా అని అడిగాడు. అన్నను వాళ్ళు దాదా అంటారు.

"పైసలు ఖచ్చితం వస్తయి గద దాదా?"

నా నోరు అలవాటుగా తెరుచుకుంది. సర్కారు యాడికి పారిపోతది అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. అన్నం ముద్దలో వెంట్రుక తగిలినట్టయింది. ఆగిపోయాను.

"అమ్మకు. ముందుగాల పైసలిస్తెనే పని పట్టు" అన్నాను.

అక్కడ పని మొదలు కానందుకు నాకు మెమో వచ్చింది. దాన్ని గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. నా బదులు ఇంకొకరు వెళ్ళి, ఇంకొక ఊళ్ళో ఇంకొకరి చేత కట్టించారు. ఆ వంటగది బిల్లు కూడా రాలేదని తరువాత తెలిసింది. ఆ మనిషి ఏం అమ్మి కట్టాడో నేను అడగలేదు.

కానీ ఆ రోజు ఆ పెద్దమనిషి ముందు ఆ ఒక్క మాట నోటి నుంచి వచ్చాక, చొప్పదండి అవతలి ఊళ్ళో చెప్పని మాట నన్ను పట్టుకుంది. ఇక్కడ చెప్పగలిగినవాణ్ణి అక్కడెందుకు చెప్పలేదు? ఇక్కడ ఫోన్లు లేవు, అంతే. ధైర్యం వచ్చి చెప్పింది కాదు.

ఒక ఆదివారం బస్సెక్కి ఆ ఊరికి వెళ్ళాను. బస్సు దిగిన చోట చాయ్ హోటల్లో ట్రాక్టరు నడిపే ఆ ముసలావిడ కొడుకే కనిపించాడు. పక్కన కూర్చుని, సర్పంచ్‌కు బిల్లు ఒక్క పైసా రాలేదని, ఆ రోజు నేను భయపడి నోరు మూసుకున్నానని చెప్పాను. వాడు చాయ్ ఊదుకుంటూ విన్నాడు.

"గీ మాట చెప్పెతందుకు ఎంతిచ్చిండు సారు?" అన్నాడు.

హోటల్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు కోపం రాలేదు. వాడి ప్రశ్న సరైనదే. ఇంజనీరు ఊరికే వచ్చి నిజం చెబుతాడంటే ఎవరు నమ్ముతారు? నా మాటకు విలువ లేదు. నేను ఎవరి తరఫున మాట ఇచ్చానో ఆ సర్కారు మాటకూ లేదు. అప్పు పెరిగితే ఏమవుతుందని పెద్ద పెద్దవాళ్ళు టీవీల్లో వాదించుకుంటుంటారు. రోడ్లు ఆగుతాయంటారు, ధరలు పెరుగుతాయంటారు. అవన్నీ నిజమే కావచ్చు. నేను చూసింది మాత్రం ఇది. ఒక ఊళ్ళో ఒక మనిషి మాటను ఇంకొక మనిషి నమ్మడం ఆగిపోయింది. దాన్ని మళ్ళీ తెచ్చుకోవడానికి బాండ్లు అమ్మితే కుదరదు.

సర్పంచ్ ఇంటికి వెళ్ళాను. ఆయన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను వచ్చిన పని చెప్పాను. క్షమించమన్నాను. ఆయన తల ఊపాడు. "పైసలు రాలేదని నాకెర్కే సారూ. నాకు చెప్పుడెందుకు?" అన్నాడు.

ఆయన భార్య లోపలి నుంచి ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"రాసియ్యుండ్రి" అంది.

రాశాను. ఫలానా పని సర్పంచ్ సొంత ఖర్చుతో పూర్తి చేశారని, ప్రభుత్వ ఆర్థిక పరిస్థితుల దృష్ట్యా బిల్లు చెల్లింపులో జాప్యం జరిగిందని. కింద సంతకం పెట్టాను. ఆమె ఏడో తరగతి దాకా చదువుకుందట. వేలు పెట్టి మెల్లగా చదివింది.

"గీ ఆర్థిక పరిస్థితులేంది సారూ?"

సర్కారు దగ్గర డబ్బు లేదని, అప్పులు పెరిగాయని చెప్పాను.

"గది సర్కారు రాసుకుంటది. మీరు మీది రాయుండ్రి. పైసలకు నాది జిమ్మ అని ఈ వాకిట్లనే అన్నరు. అది రాయుండ్రి. రాలేదని ఎర్కుండి గూడ ఆ రోజు చెప్పలేదని రాయుండ్రి."

ఇన్నేళ్ళు ఆఫీసులో నేను రాసినదంతా 'దృష్ట్యా', 'జాప్యం' లాంటి మాటల వెనక దాక్కుని రాసిందే. ఎవరు చేశారో కనిపించకుండా వాక్యం రాయడం మాకు బాగా వచ్చు. ఆ కాగితం చింపేసి ఇంకొకటి తీసుకున్నాను. నేను చెప్పి కట్టించాను. డబ్బుకు నేను పూచీ అన్నాను. డబ్బు రాలేదు. ఆ సంగతి తెలిసి కూడా ముసలావిడ శవం ముందు చెప్పలేదు. ఈయన ఏమీ తినలేదు. రాయడానికి చాలాసేపు పట్టింది. సిగ్గుగా ఉంది.

ఆమె మళ్ళీ వేలు పెట్టి చదివింది. కాగితం మడిచి, చెప్పులేసుకుని వాకిలి దాటింది. ఆయన మంచం మీది నుంచి లేవలేదు. ఆమె నన్ను రమ్మనలేదు. అయినా వెనకే వెళ్ళాను.

ముసలావిడ కొడుకు హోటల్ నుంచి అప్పుడే ఇంటికి వచ్చినట్టున్నాడు. వాకిట్లో ట్రాక్టరు చక్రానికి అంటిన బురద గీకుతున్నాడు. ఆమె కాగితం ఇచ్చింది. వాడు చేతులు ప్యాంటుకు తుడుచుకుని తీసుకున్నాడు. ఒకసారి చదివాడు. తల ఎత్తి నన్ను చూశాడు. మళ్ళీ చదివాడు.

"సంతకం మీదేనా?"

నాదేనన్నాను.

"ఎవలకు చూపెట్టినా మీకు ఫికర్ లేదా? పేపరోళ్ళకు చూపెట్టినా?"

లేదన్నాను.

"మరి అన్న పైసలు ఎప్పుడొస్తయి?"

నాకు తెలియదని చెప్పాను.

వాడు కాగితాన్ని మడతలు చెడకుండా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లోపలికి వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి, దాని మీది దుమ్ము చేత్తో దులిపి ఆమె ముందు వేశాడు.

"కూసో వదినె" అన్నాడు.

ఆమె కూర్చుంది. వాడు నాకు కుర్చీ తేలేదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను నిలబడే ఉన్నాను.